ధనానికి యజమానులమా? ధర్మకర్తలమా?

తిరుమలేశుని మన పెద్దలు ముద్దుగా వడ్డికాసులవాడని పిలుచుకున్నారు. పద్మావతీదేవితో కల్యాణానికి కుబేరుని వద్ద రుణం స్వీకరించి, కలియుగాంతం వరకు దానికి వడ్డీ చెల్లిస్తున్న స్వామి ఆయన. ఈ గాథను మనం భక్తితో వింటాం. ఇంట్లో పెళ్ళి నిశ్చయమైన నాడు మాత్రం దానిని మన అవసరానికి వాడుకుంటాం. 'సాక్షాత్తు భగవంతునికే తప్పలేదు, మనమెంత?' అని నవ్వుకుంటూ ప్రామిసరీ నోటు మీద సంతకం చేస్తాం. స్వామివారికి హుండీ ఉన్నది, దానిని నింపే కోట్లాది భక్తులున్నారు. మన వడ్డీ మాత్రం మన బిడ్డలే కట్టాలి. ఆ సంగతి పెళ్ళిపందిరి విప్పిన మరునాడు గాని మనకు గుర్తుకు రాదు.

మీ ఇంటి పూజామందిరానికీ, డబ్బు దాచుకునే బీరువాకూ మధ్య దూరం ఎంత అని ఎప్పుడైనా ఆలోచించారా? అడుగులలో కొలిచే దూరం కాదిది. సంధ్యవేళ లక్ష్మీదేవి ముందు దీపం వెలిగించే చేయి, ఆ మరునాడు బజారులో డబ్బు తీసే చేయి ఒక్కటే. అయినా మొదటి పనిలో ఉన్న భక్తి రెండవ పనిలో ఎందుకు కనిపించదు? చతుర్విధ పురుషార్థాలలో ధర్మాన్ని ముందు నిలిపి, అర్థాన్ని దాని తరువాతనే ఉంచారు మన ఋషులు. ధర్మమనే గట్టు లేని నాడు అర్థమనే ప్రవాహం ఇంటినే ముంచుతుందని వారికి తెలుసు.

ఇదే చిక్కును క్రైస్తవ సంప్రదాయం కూడా ఎదుర్కొన్నది. కుటుంబపు రాబడిని, వ్యయాన్ని, రుణాన్ని, దానాన్ని దైవభక్తిలో భాగంగా ఎలా నిర్వహించాలో ఆ మతంలోని మహనీయులు లోతుగా ఆలోచించారు. వారిలో పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో జీవించిన జాన్ వెస్లీ (1703-1791) ముఖ్యులు. మెథడిస్టు ఉద్యమానికి ఆయనే మూలపురుషుడు. పొరుగింటి దీపపు వెలుగులోనూ మన ముంగిలి కనిపిస్తుంది. ఈ వారం ఆ వెలుగులో మన ఇంటి లెక్కలను ఒకసారి చూసుకుందాం.

అప్పుల ఇంట పుట్టిన బిడ్డ

వెస్లీ ధనం గురించి పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. ఇంట్లో చూసి నేర్చుకున్నారు. తండ్రి శామ్యూల్ వెస్లీ లింకన్‌షైర్‌లోని ఎప్‌వర్త్ గ్రామంలో ఆంగ్లికన్ చర్చి గురువు. పండితుడు, కవి, నిజాయితీపరుడు. కాని ఇంటి లెక్కలు ఆయనకు పట్టుబడలేదు. తల్లి సుసన్నా పంతొమ్మిది మంది బిడ్డలకు జన్మనిచ్చింది. వారిలో దాదాపు సగం మంది శైశవంలోనే కన్నుమూశారు. పెద్ద సంసారం, చాలని రాబడి, ఏళ్ళ తరబడి పేరుకున్న బాకీలు.

1705లో, జాన్‌కు రెండేళ్ళ వయసులో, బాకీ తీర్చలేదన్న కారణంతో తండ్రిని పట్టుకుపోయి లింకన్ కోట చెరసాలలో పెట్టారు. ఆ కాలపు ఇంగ్లండులో అప్పు తీర్చలేనివానికి కారాగారమే గతి. ఇంట్లో అమ్మడానికి మరేమీ లేక సుసన్నా తన చేతి ఉంగరాలను భర్తకు పంపింది. వాటిని అమ్ముకొనడానికి మనసొప్పక ఆయన తిరిగి పంపించివేశాడు. మంగళసూత్రం తప్ప ఒంటిమీది బంగారమంతా తాకట్టు కొట్టుకు చేరిన ఇల్లాళ్ళ కథలు మనకు కొత్తవి కావు. ఆ ఉంగరాలు వెళ్ళి తిరిగివచ్చిన దారిలో ఎంత దుఃఖం ఉన్నదో మీకు వేరుగా చెప్పనవసరం లేదు.

ఇంట్లో ఎన్నడైనా రొట్టెకు లోటు వచ్చిందా అని ఆర్చిబిషప్పు ఒకసారి సుసన్నాను అడిగాడు. రొట్టె లేని రోజు లేదు గాని, దానిని సంపాదించడానికీ, తిన్న తరువాత దాని బాకీ తీర్చడానికీ పడిన ఆందోళనలో ఆ రొట్టె రుచి పోయిందన్న అర్థం వచ్చేట్లు ఆమె సమాధానమిచ్చింది. అప్పు చేసి పప్పు కూడు అని మనమనే మాటలోని బాధను ఆ తల్లి అనుభవించి చెప్పింది. 1735లో శామ్యూల్ మరణించాడు. ఆయనను మట్టిలో పెట్టిన రోజునే, 15 పౌండ్ల బాకీ కింద ఇంటి పశువులను జప్తు చేశారు. తండ్రిని ఖననం చేసిన రోజు అప్పిచ్చినవారు గడప తొక్కడం కంటే ఒక కుమారునికి పెద్ద పాఠం ఏముంటుంది?

గృహనిర్వాహకుని కథ

క్రైస్తవ ఆర్థికనీతికి మూలసూత్రం ఒక్క మాటలో ఉన్నది. తెలుగు బైబిలులో ఆ మాట 'గృహనిర్వాహకుడు'. ఒక ధనవంతుని ఆస్తిని చూసుకునే ఉద్యోగి అతడు. తాళపు చెవులు అతని వద్దనే ఉంటాయి, ఖర్చు అతని చేతి మీదుగానే జరుగుతుంది, కాని ఒక్క కాసు కూడా అతనిది కాదు. ఏదో ఒక రోజు యజమాని పిలిచి లెక్క అడుగుతాడు. లూకా సువార్త పదహారవ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం ఇటువంటి ఒక నిర్వాహకుని గురించే. యజమాని ఆస్తిని దుబారా చేశాడన్న ఫిర్యాదుపై ఉద్యోగం పోబోతుండగా, అతడు రేపటి రోజు కోసం ముందుచూపుతో ఉపాయం పన్నుతాడు. అతని అక్రమాన్ని ఆదర్శంగా తీసుకోమని ఆ కథ ఉద్దేశం కాదు. లోకవ్యవహారంలో మనుషులు చూపే ముందుచూపు, దైవకార్యంలో భక్తులు ఎందుకు చూపరన్నదే అందులోని ప్రశ్న.

మన భాషలో దీనికి ఇంకా చక్కని మాట ఉన్నది. ధర్మకర్త. దేవాలయపు మాన్యాలు ధర్మకర్త అధీనంలో ఉంటాయి, కాని అవి స్వామివి. ఆ ధాన్యంలో గుప్పెడు తన గాదెలో పోసుకున్న ధర్మకర్తను ఊరు క్షమించదు. మన జీతాన్ని, పొలాన్ని, దుకాణాన్ని కూడా ఇదే దృష్టితో చూడమన్నది వెస్లీ బోధ. సమస్తమూ ఈశ్వరునిదే, పరధనాన్ని ఆశించవద్దని చెప్పే ఈశావాస్యోపనిషత్తు తొలి మంత్రాన్ని నిత్యం పఠించే మనకు ఈ భావం పరాయిది కాదు. గాంధీజీ సైతం తన ఆత్మకథలో, గీతలోని అపరిగ్రహానికి అర్థం ధర్మకర్త అనే భావన ద్వారానే తనకు బోధపడిందని రాసుకున్నారు.

బైబిలులో గృహస్థుకు పనికివచ్చే హెచ్చరికలు మరికొన్ని ఉన్నాయి. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని, పునాది వేసి ఆపివేసినవానిని చూసి లోకం నవ్వుతుందని యేసు అంటారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న మన పెద్దల మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు. అప్పు తీసుకున్నవాడు ఇచ్చినవానికి దాసుడవుతాడని సామెతల గ్రంథం హెచ్చరిస్తుంది. పరుల బాకీకి హామీ సంతకం చేసి చిక్కుకోవద్దని కూడా ఆ గ్రంథమే చెబుతుంది. ఐగుప్తు దేశంలో ఏడేళ్ళ సమృద్ధి కాలంలో పంటలో అయిదవ భాగాన్ని నిల్వచేయించి, తరువాతి ఏడేళ్ళ కరువును దేశం దాటేట్లు చేసిన యోసేపు కథ ఆదికాండంలో ఉన్నది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే.

మొదటి సూత్రం: ధర్మబద్ధమైన ఆర్జన

1760లో వెలువడిన 'ధన వినియోగం' అనే ప్రసంగంలో వెస్లీ మూడు సూత్రాలు చెప్పారు. శక్తి ఉన్నంతవరకు సంపాదించాలి. శక్తి ఉన్నంతవరకు పొదుపు చేయాలి. శక్తి ఉన్నంతవరకు దానం చేయాలి. మూడూ కలిసినప్పుడే అది ధర్మం. ఒక్కటి తప్పినా మిగిలిన రెండూ చెడతాయి.

భక్తుడైనవాడు డబ్బును అసహ్యించుకోవాలని వెస్లీ అనలేదు. దోషం డబ్బులో లేదు, దాని మీది మోహంలోనే ఉన్నదన్నది బైబిలు వాక్కు. సత్పురుషుని చేతిలోని ధనం ఆకలిగొన్నవానికి అన్నం, వస్త్రం లేనివానికి వస్త్రం. కాబట్టి సోమరితనం పాపం. కాని ఆర్జనకు ఆయన మూడు కట్టుబాట్లు విధించారు. ఆరోగ్యాన్ని బలిపెట్టి సంపాదించరాదు. సీసం, పాషాణం వంటి విషపదార్థాలతో చేసే పనులను ఆయన ఉదాహరణగా చూపారు. మనస్సాక్షిని చంపుకుని సంపాదించరాదు. అబద్ధమాడితే గాని, పన్ను ఎగవేస్తే గాని సాగని వ్యాపారం భక్తునికి తగదు. పొరుగువానికి నష్టం కలిగించి సంపాదించరాదు. అతని అవసరాన్ని ఆసరాగా తీసుకుని అధిక వడ్డీ గుంజడం, పక్క దుకాణాన్ని మూయించడానికి కావాలని ధర తగ్గించి అమ్మడం, సారాయి అమ్మడం, ఇవన్నీ ఆ కోవలోనివే. సారాయి వ్యాపారుల మీద ఆయన మాటలు నిప్పులు కురిశాయి. వారి మేడలలో, తోటలలో పేదల నెత్తురు కనబడుతున్నదని ఆయన భావం.

మీరు మీ ఇంటికి తెచ్చే రూపాయి ఏ దారిన వచ్చిందో ఒక్కసారి వెనుతిరిగి చూడండి. అన్యాయార్జితంతో చేసిన అన్నదానం కంటే, న్యాయార్జితంతో పెట్టిన పటికబెల్లం నైవేద్యమే స్వామికి ప్రీతి.

రెండవ సూత్రం: పొదుపు

ఆక్స్‌ఫర్డులో వెస్లీ ఉపాధ్యాయుడిగా ఉన్న రోజులలో జరిగిన సంఘటన ఇది. చలికాలపు రోజున ఒక పేద బాలిక ఆయన గదికి వచ్చింది. తమ సొమ్ముతో ఆయన బృందం చదివిస్తున్న పిల్లలలో ఆమె ఒకతె. వణికించే చలిలో పలచని వస్త్రం తప్ప ఆమెకు మరొకటి లేదు. ఏదైనా ఇద్దామని వెస్లీ జేబులో చేయి పెట్టారు. దాదాపు ఏమీ మిగలలేదు. ఉన్నదంతా అంతకుముందే ఖర్చు పెట్టుకున్నారు. తలెత్తి చూస్తే గదిని అలంకరించిన పటాలు కనిపించాయి. ఈ అమ్మాయికి చలి నుంచి రక్షణ కావలసిన డబ్బు నా గోడల మీద వేలాడుతున్నదన్న తలపు ఆయన గుండెను కోసింది. ఆ బాధను వృద్ధాప్యంలో కూడా ఆయన మరువలేదు.

ఆక్స్‌ఫర్డులోని ఒక యువకుని లెక్కను వెస్లీ తన ప్రసంగంలో చెప్పారు. ఆ యువకుడు ఆయనేనని చదివినవారందరూ గ్రహించారు. మొదటి ఏడు రాబడి 30 పౌండ్లు. 28 పౌండ్లతో జీవించి, 2 పౌండ్లు దానం చేశాడు. మరుసటి ఏడు రాబడి 60 పౌండ్లయింది. ఖర్చు 28 పౌండ్లే, దానం 32. మూడవ ఏట 90 వచ్చినా ఖర్చు 28, దానం 62. నాలుగవ ఏట 120 వచ్చినా ఖర్చు 28, దానం 92.

ఈ లెక్కలో దానం కంటే ముందు గమనించవలసినది, మారని ఆ 28. మన ఇళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా విరుద్ధం. జీతం పెరిగిన నెలలోనే అవసరం కూడా పెరుగుతుంది. నిన్నటి వరకు విలాసమనుకున్నది నేటి నుంచి నిత్యావసరమవుతుంది. పాత స్కూటరు బాగానే నడుస్తున్నా కారు వాయిదాల పద్ధతిలో గుమ్మంలోకి వస్తుంది. వాయిదా కాగితం మీద సంతకం చేసే నిమిషంలో, ఇంకా పుట్టని రేపటి కష్టార్జితాన్ని మనం నేడే అమ్ముకుంటున్నాం. కూర్చుని తింటే కొండలైనా తరుగుతాయంటారు. కొండలు లేకుండానే తినడం నేర్పింది ఈ కాలం.

ఇది నీతి మాట మాత్రమే కాదు, ప్రాణాల మీది మాట. 2020వ సంవత్సరం చివరలో, ఫోనులోనే క్షణాలలో అప్పు ఇచ్చే యాప్‌ల వారి వేధింపులు తాళలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారు తీసుకున్నవి చిన్న మొత్తాలే. అవమానమే కొండంత అయింది. ఆ ఇళ్ళలోనూ దేవుని మందిరాలు ఉండే ఉంటాయి. ఇంట్లో ఒకరితో ఒకరు డబ్బు కష్టం చెప్పుకునే అలవాటు ఉంటే, ఆ దీపాలలో కొన్నయినా ఆరిపోకుండా ఉండేవేమో.

మూడవ సూత్రం: క్రమం తప్పని దానం

సంపాదించి, దాచి, అక్కడితో ఆగినవానిని వెస్లీ భక్తునిగా అంగీకరించలేదు. గాదెలు చాలక ఇంకా పెద్ద గాదెలు కట్టాలనుకున్న రాత్రే మరణించిన ధనవంతుని కథ లూకా సువార్తలో ఉన్నది. అతని తప్పు పంట పండించడం కాదు, ఆ పంటంతా తన ఒక్కనిదే అనుకోవడం. పాత నిబంధన కాలం నుంచి రాబడిలో దశమ భాగాన్ని దైవానికి సమర్పించే ఆచారం ఉన్నది. పొలం కోసేటప్పుడు అంచులు కోయకుండా పేదలకు వదలాలన్న నియమమూ ఉన్నది. అలా వదిలిన పరిగె ఏరుకునే రూతు అనే విధవరాలి కథ ఆ గ్రంథంలో ఎంతో హృద్యమైనది.

అయితే దానానికి వెస్లీ ఒక క్రమం నిర్దేశించారు. మొదట నీకూ, ఆరోగ్యంగా జీవించడానికీ అవసరమైన అన్నవస్త్రాలు. తరువాత భార్యాబిడ్డలకు, ఇంట్లో పనిచేసేవారికి కావలసినవి. ఆ పైన మిగిలితే సాటి విశ్వాసులకు. ఇంకా మిగిలితే మానవులందరికీ. తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అన్న మన సామెతతో ఇది పూర్తిగా ఏకీభవిస్తుంది. బిడ్డ బడి జీతం కట్టకుండా కానుక పెట్టెలో వేసినా, పనిమనిషి నెల జీతం బాకీ ఉంచి హుండీలో వేసినా దానమనిపించుకోదు. అప్పు చేసి మొక్కు చెల్లించమని ఏ దేవుడూ అడగలేదు. ఇస్తే పదింతలుగా తిరిగి వస్తుందని ఆశపెట్టి ఇప్పించే బోధ చర్చిలో ఉన్నా, మరొక చోట ఉన్నా అది వ్యాపారమే. ముడుపు కృతజ్ఞత కావాలి గాని లంచం కారాదు.

ఇక ఎంత ఇచ్చామన్నది కాదు, ఇచ్చిన తరువాత ఎంత ఉంచుకున్నామన్నదే కొలమానం. దేవాలయపు కానుక పెట్టెలో ధనవంతులు పెద్ద మొత్తాలు వేస్తుండగా, ఒక పేద విధవరాలు రెండు చిన్న కాసులు వేసింది. అందరికంటే ఎక్కువ ఇచ్చినది ఆమేనన్నారు యేసు. శ్రీకృష్ణునికి కుచేలుడు తెచ్చిన అటుకుల మూట గుర్తున్నవారికి ఈ మాటకు వ్యాఖ్యానం అక్కరలేదు.

వెస్లీ ఈ సూత్రాన్ని ఎంతవరకు ఆచరించారో 1776లో బయటపడింది. ఆయన పుస్తకాలు విపరీతంగా అమ్ముడై, తనకు తెలియకుండానే ధనవంతుడనయ్యానని ఆయనే చెప్పుకునే స్థితి వచ్చింది. ఇంత ప్రసిద్ధునివద్ద వెండి సామగ్రి దండిగా ఉంటుందని, దానికి పన్ను కట్టడం లేదని అనుమానించిన ఎక్సైజు అధికారులు లెక్క చూపమని లేఖ రాశారు. లండనులో రెండు వెండి చెంచాలు, బ్రిస్టలులో రెండు వెండి చెంచాలు ఉన్నాయని, చుట్టూ ఇంతమంది తిండి లేక ఉండగా ఇంకేమీ కొనబోనని ఆయన జవాబు రాశారు.

ఇరవై షిల్లింగుల రుణం

అప్పును నిందించిన వెస్లీ, అప్పులో ఉన్నవానిని నిందించలేదు. చెరసాలలో తండ్రిని చూసిన కుటుంబం వారిది. 1746లో లండనులో 30 పౌండ్ల 16 షిల్లింగులు పోగుచేసి, పేదల కోసం ఒక రుణనిధిని ప్రారంభించారు. ఒకరికి ఒకసారి 20 షిల్లింగులకు మించి ఇవ్వరు. దానిని వారం వారం చెల్లిస్తూ మూడు నెలలలో తీర్చివేయాలి. వచ్చిన సొమ్ము మరొకరికి వెళుతుంది. ఆ కొద్దిపాటి నిధితోనే పద్దెనిమిది నెలల్లో 255 మందికి సహాయం అందినట్లు ఆయన దినచర్యలో నమోదైంది. మన మహిళా పొదుపు సంఘాల పద్ధతి తెలిసినవారికి ఇందులోని కిటుకు వెంటనే అర్థమవుతుంది. చిన్న మొత్తం, చిన్న గడువు, తెలిసిన మనుషుల నడుమ మాట నిలబెట్టుకునే గౌరవం.

ఆ నిధి నుంచి తరువాతి కాలంలో 5 పౌండ్లు రుణం తీసుకున్నవారిలో జేమ్స్ లాకింగ్టన్ ఒకడు. చెప్పులు కుట్టి బతికిన అతడు చిన్న పాత పుస్తకాల దుకాణం పెట్టాడు. 1780 నుంచి అరువు లేదని నిశ్చయించి, రొక్కానికే తక్కువ ధరకు అమ్మసాగాడు. అరువు ఆగితే కొనేవారు ఆగిపోతారని అందరూ భయపెట్టారు. అతడు మాత్రం లండనులోనే పేరుమోసిన పుస్తక విక్రేత అయ్యాడు. ఒక్క చిన్న రుణం దారి చూపింది. అరువు వద్దన్న నిర్ణయం ఇల్లు నిలబెట్టింది.

తెలుగునేల మీద పిడికెడు బియ్యం

ఈ ఆలోచనలు సముద్రాలు దాటి మన నేలకూ చేరాయి. మెదక్‌లోని ప్రసిద్ధ చర్చి వెస్లీ అనుయాయులైన మెథడిస్టు మిషనరీలు కట్టించినదే. 1914లో ఆరంభమై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకున్నది. కరువు రోజులలో చుట్టుపక్కల గ్రామాల పేదలకు ఊరకే గింజలు పంచి చేయి చాచే స్థితిలో ఉంచక, ఆ నిర్మాణంలో పని కల్పించి కూడు పెట్టారని అక్కడివారు నేటికీ చెప్పుకుంటారు.

ప్రస్తుతం మహబూబాబాద్ జిల్లాలో ఉన్న డోర్నకల్‌కు 1912లో బిషప్పుగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తమిళనాడుకు చెందినవారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. ఆయన విశ్వాసులలో అధికులు రోజుకూలి మీద బతికే నిరుపేదలు. వారి నుంచి దానం ఎలా అడుగుతారని ఎవరికైనా సందేహం కలుగుతుంది. పేదవాడు ఎప్పుడూ పుచ్చుకునేవాడుగానే ఎందుకు మిగలాలి, ఇచ్చే గౌరవం అతనికి ఎందుకు ఉండకూడదన్నది అజరయ్య దృష్టి. ఇల్లాలు వంటకు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. కోళ్ళు, గుడ్లు, కొత్త పంట గింజలు కానుకగా వచ్చేవి. మిజోరం క్రైస్తవ గృహాలలో 1910లో మొదలైన పిడికెడు బియ్యపు ఆచారం నేటికీ సాగుతున్నది. ఆ పిడికిళ్ళే కూడి బడులను, సేవాకార్యాలను నిలబెట్టాయి.

బియ్యం కుండలోంచి తీసిన పిడికెడు వల్ల ఆ పూట ఎవరి కడుపూ మాడలేదు. కాని ప్రతి పూటా పొయ్యి ముందు నిలిచిన తల్లి, ఈ అన్నం నా ఒక్క ఇంటిది కాదని తన చేతితో తానే జ్ఞాపకం చేసుకునేది. గుమ్మంలో నిలిచిన హరిదాసు అక్షయపాత్రలో పసిబిడ్డ చేత బియ్యం వేయించిన మన అవ్వలు నేర్పినదీ ఇదే.

మహర్షి మనసులోని దిగులు

ఇంతటి మార్గంలో లోపం లేదా? ఉన్నదని వెస్లీయే అన్నారు. భక్తి కలిగినవాడు కష్టపడతాడు, పొదుపు చేస్తాడు. అందువల్ల ధనవంతుడవుతాడు. ధనం వచ్చాక గర్వం, మోహం వస్తాయి, భక్తి పోతుంది. తన అనుయాయులు మొదటి రెండు సూత్రాలను నేర్చి మూడవదాన్ని మరచిపోతున్నారని 1786లో ఆయన బాధపడ్డారు. ఇరవయ్యవ శతాబ్దారంభంలో జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్, ప్రొటెస్టెంటు నీతికీ పెట్టుబడిదారీ విధానానికీ గల సంబంధాన్ని చర్చిస్తూ ఈ మాటలనే ఉదహరించాడు. ఈ వలయానికి వెస్లీ చూపిన విరుగుడు ఒక్కటే. సంపాదన, పొదుపు పెరిగినట్లే దానమూ పెరగాలి.

మరొక సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. వెస్లీకి సొంత బిడ్డలు లేరు. దాంపత్యమూ సుఖంగా సాగలేదు. కూతురి పెళ్ళి, కొడుకు చదువు, వృద్ధుల వైద్యం భుజాన ఉన్న గృహస్థు ఆయన 28 పౌండ్ల లెక్కను యథాతథంగా అనుకరించలేడు. భాగవతంలో బలిచక్రవర్తికి శుక్రాచార్యుడు చెప్పిన విభజన మనకు దగ్గరగా ఉంటుంది. ధర్మానికి, కీర్తికి, ధనవృద్ధికి, సుఖానికి, స్వజనులకు అని సంపదను అయిదు భాగాలు చేయమన్నాడాయన. పాళ్ళు ఎవరి ఇంటికి తగినట్లు వారు నిర్ణయించుకోవచ్చు. పాళ్ళంటూ ఉండాలన్నదే ముఖ్యం.

నాలుగు ప్రశ్నలు

ఏదైనా ఖర్చు పెట్టబోయే ముందు సందేహం కలిగితే నాలుగు ప్రశ్నలు వేసుకోమన్నారు వెస్లీ. వాటిని మన ఇంటి మాటలలోకి తెచ్చుకుంటే ఇలా ఉంటాయి. ఈ డబ్బును నేను యజమానిగా ఖర్చు చేస్తున్నానా, ధర్మకర్తగానా? ఇది శాస్త్రం, పెద్దలు చెప్పిన ధర్మానికి లోబడి ఉన్నదా? ఈ ఖర్చును స్వామి ముందు నైవేద్యంగా ఉంచగలనా? లెక్క చెప్పవలసిన రోజున దీనిని తలచుకుని సంతోషించగలనా?

ఈ నెలలో ఒక ఆదివారం, పూజ ముగిసిన తరువాత దీపం ముందే కుటుంబమంతా కూర్చోండి. భార్యకు తెలియని భర్త అప్పు, భర్తకు తెలియని భార్య చీటీ ఆ రోజుతో ఉండకూడదు. రాబడి ఎంతో, బాకీ ఎంతో ఒక కాగితం మీద రాయండి. పెద్దపిల్లలకు కూడా చూపించండి. లేమిని బిడ్డల ముందు దాచి అప్పుతో కలిమిని నటిస్తే, వారికి మనం మిగిల్చేది ఆ నటనే. అధిక వడ్డీ బాకీని ముందు తీర్చండి. కరువు రోజుకు యోసేపు గాదెలా కొంత వేరుగా ఉంచండి. అది ఎంత చిన్నదైనా, ఒక పిడికెడు ఇతరులకని తీసిపెట్టండి. ఇంట్లో అమ్మాయి పెళ్ళి ఉంటే, పందిరి వేసేముందే గోపురం లెక్క చూసుకోండి. నలుగురూ మెచ్చుకునేది ఒక్క పూట, వాయిదా కట్టేది అనేక ఏళ్ళు.

1791 మార్చి 2వ తేదీన, 87 ఏళ్ళ వయసులో వెస్లీ లండనులో కన్నుమూశారు. జీవితకాలంలో ఆయన చేతి మీదుగా దానంగా వెళ్ళినది సుమారు 30,000 పౌండ్లని కొందరు చరిత్రకారుల అంచనా. ఏళ్ళ తరబడి రాసుకున్న లెక్కల పుస్తకాన్ని అంతకు కొద్ది నెలల ముందే ఆయన ముగించారు. తన శవపేటికను గుర్రపు బండి మీద కాక ఆరుగురు పేదలు మోసుకుపోవాలని, వారికి తలా ఒక పౌండు ఇవ్వాలని వీలునామాలో కోరారు. తండ్రి ఖననం నాడు ఇంటికి జప్తు వచ్చింది. కుమారుని ఖననం నాడు ఆరు పేద ఇళ్ళకు కూలి డబ్బు చేరింది. ఒక జీవితకాలంలో ఒక కుటుంబం నడిచిన దూరం అది.

మీ పూజామందిరంలో పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఒకటి ఉండే ఉంటుంది. ఎంత అవసరం వచ్చినా దానిని ముట్టరు. అది స్వామిదని మీకు తెలుసు. బీరువాలోని మిగతా సొమ్ము కూడా ఆయనదేనని తెలిసిన నాడు, పూజామందిరానికీ బీరువాకూ మధ్య దూరం ఉండదు.